సోమవారం కొత్త పాఠం మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న
(3, 4, 5 తరగతుల టీచరు, జోగులాంబ గద్వాల జిల్లా)

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష)లో ఎంపికై ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరిన నాకు ఇది రెండో విద్యా సంవత్సరం. మాది ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులను ప్రధానోపాధ్యాయురాలు చూసుకుంటారు. మూడు, నాలుగు, అయిదు తరగతులు కలిపి 23 మంది పిల్లలు నా గదిలో ఉంటారు. 60 మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టమే చెబుతున్నది కనుక ఈ ఏర్పాటుపై నాకు ఫిర్యాదు లేదు. నా ఇబ్బంది అంతా వారం నడిచే తీరుతోనే.

మా గదిలో సోమవారం కొత్త అంశం మొదలవుతుంది. మంగళ, బుధవారాల్లో దాన్నే సాధన చేయిస్తాను, గురువారం చదివించడం, రాయించడం, శుక్రవారం పునశ్చరణ, శనివారం చిన్న పరీక్ష. అందరూ రోజూ బడికి వచ్చే ఊరిలో ఇది చక్కగా సాగే పద్ధతే. మా ఊరిలో జులై చివరి నుంచి ప్రతి సోమవారం ఏడెనిమిది మంది రావడం లేదు. మంగళవారం మధ్యాహ్నానికి వాళ్లలో చాలామంది కనిపిస్తారు, కానీ అప్పటికి పాఠం వాళ్లను దాటి వెళ్లిపోయి ఉంటుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆగస్టులో మూడో తరగతికి అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు మొదలుపెట్టాను. సోమవారం నాడు చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, 52లోంచి 27 తీయాలంటే విడిగా ఉన్న రెండు పుల్లల్లోంచి ఏడు తీయలేమని పిల్లలతోనే అనిపించి, ఒక కట్టకు వేసిన రబ్బరు బ్యాండు విప్పించాను. పుల్లలు బల్ల మీద పడగానే ఒక బాబు లెక్కపెట్టి, "ఇప్పుడు పన్నెండు అయినయి టీచర్" అన్నాడు. ఆ రోజు గదిలో ఉన్న పిల్లలు ఆ తర్వాత ఆ లెక్క దగ్గర పెద్దగా తడబడలేదు. మంగళవారం వచ్చినవాళ్లు మాత్రం నల్లబల్ల మీద అయిదును కొట్టివేసి పైన నాలుగు వేయడాన్ని చూశారు తప్ప కట్ట విప్పడాన్ని చూడలేదు. శనివారం పరీక్షలో వాళ్ల పలకల మీద జవాబు 35 అని ఉంది. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసి అయిదు వేశారు, పక్కన అయిదులోంచి రెండు తీసి మూడు వేశారు. తెలుగులోనూ ఇదే పరిస్థితి. క్రావడి (ర ఒత్తు) చెప్పిన సోమవారం రానివాళ్లు ఇప్పటికీ చంద్రుడిని "చందుడు" అనే రాస్తున్నారు.

ఇళ్లకు ఫోను చేస్తే "ఈ రోజు పని ఉంది, రేపు పంపిస్తాం" అంటారు, అన్న మాట ప్రకారం మరునాడు పంపిస్తారు కూడా. కొత్త పాఠాన్ని మంగళవారానికి జరిపితే మేలా, లేక అది బడికి వచ్చిన పిల్లలకు అన్యాయం చేసినట్లా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. మరొక విషయం. శనివారం గోళ్లు చూసేటప్పుడు, సోమవారాలు రాని నాలుగో తరగతి పాప ఒకతి తొమ్మిది గోళ్లు కత్తిరించనిచ్చి, కుడిచేతి బొటనవేలి గోరు దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి లాక్కుంది. ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. అది కూడా నా మనసులో అలాగే ఉండిపోయింది.

మొదటి సమాధానం
(విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మీ హాజరు పట్టీ గురించి మాట్లాడాలి. నెలాఖరున మనం ప్రతి బిడ్డ పేరుకు ఎదురుగా అడ్డంగా కూడి ఎన్ని రోజులు వచ్చిందో రాస్తాం. నిలువు మొత్తాన్ని ఆ రోజు మధ్యాహ్న భోజనం లెక్క కోసం వేస్తాం, భోజనం అయిపోయాక దాని వైపు మళ్లీ ఎవరూ చూడరు. ఒక తెల్ల కాగితం మీద ఆరు నిలువు గీతలు గీసి, జూన్ నుంచి ఇప్పటివరకు సోమవారాల గైర్హాజరు ఒక గడిలో, మంగళవారాలది మరొక గడిలో, ఇలా శనివారం దాకా పేర్లతో సహా వేయండి. గంటన్నర పని. నేను పనిచేసిన ఒక ఊరిలో అలా వేసి చూసేదాకా గురువారం సంత మా బడిని ఎంతగా ఖాళీ చేస్తున్నదో నాకు తెలియలేదు. నెల మొత్తంలో ఆ పిల్లల హాజరు బాగానే కనిపించేది, కానీ పోయిన నాలుగు రోజులూ గురువారాలే. వారానికి ఒకసారి అదే చోట చిల్లు పడితే ఆ చిల్లులోంచి ఏ అంశం జారిపోతున్నదో మీరు ఇట్టే చెప్పగలరు.

ఇక పాఠాన్ని మంగళవారానికి జరపడం గురించి. దయచేసి ఆ పని చేయవద్దు. రాని ఎనిమిది మంది కోసం వచ్చిన పదిహేను మందిని ఆపితే, నెల తిరిగేసరికి ఆ పదిహేను మందికి కూడా సోమవారం బడిలో జరిగేదేమీ లేదని అర్థమవుతుంది. పిల్లలు ఇటువంటి సంగతులను మనకంటే ముందు పసిగడతారు. సోమవారం మీరు చేసిన కట్ట విప్పే పని ఎంత మంచిదో మీ ఉత్తరంలోనే తెలుస్తున్నది, దాన్ని అలాగే ఉంచండి. మంగళవారం మొదటి పీరియడులో పది నిమిషాలు కేటాయించి, నిన్న చూసిన బిడ్డ చేత నిన్న రాని బిడ్డకు ఆ కట్ట విప్పించండి. నల్లబల్ల మీద మీరు మళ్లీ చెప్పవద్దు. చెప్పే బిడ్డకు అది రెండోసారి నేర్చుకోవడం, వినే బిడ్డకు మొదటిసారి. పుల్లల డబ్బా, రబ్బరు బ్యాండ్లు వారమంతా పిల్లల చేతికి అందే చోటే ఉండాలి. మనలో చాలామంది బోధన సామగ్రిని సోమవారం సాయంత్రమే బీరువాలో పెట్టి తాళం వేస్తాం.

శనివారం పరీక్షను మాత్రం మార్కుల పుస్తకంలోకి ఎక్కించకండి. మూడో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డ నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9999 వరకు సంఖ్యలు చదివి రాయాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమైన నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం ఏడాది చివర ఉంది, ఈ శనివారం లేదు. శనివారం కాగితం వచ్చే సోమవారం మీరు ఏం చేయాలో మీకు చెప్పే కాగితం. 35 అని రాసిన పలక మీకు ఎంత సమాచారం ఇచ్చిందో చూడండి, "తప్పు" అని ఒక్క అడ్డగీత పెట్టి ఉంటే అదంతా పోయేది.

రెండో సమాధానం
(ప్రాథమిక ఉపాధ్యాయుడు, మదనపల్లె ప్రాంతం)

పెద్దలు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ సమస్య సోమవారంలో కంటే "వారం" అనే కొలతలోనే ఉందని నా అభిప్రాయం. మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు 23 మందిని ఒకే వారంలో ఒకే మెట్టు ఎక్కించాలనుకోవడం వల్లనే ఒక్క రోజు రాకపోవడం ఇంత నష్టంగా మారుతున్నది.

మాకు దగ్గరలోని ఋషివ్యాలీ విద్యాసంస్థలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం రూపొందించిన పద్ధతి మీరు వినే ఉంటారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరుసను ఒక నిచ్చెన పటంగా గోడకు తగిలిస్తారు. కార్డుల మీద గుర్తులుగా బొమ్మలుంటాయి, బిడ్డ ఆ బొమ్మను బట్టి తన మెట్టును, తర్వాతి కార్డును తానే వెతుక్కుంటుంది. టీచరు సాయం పూర్తిగా కావలసినవారు ఒక చోట, కొంత కావలసినవారు ఒక చోట, తోటివారితో కలిసి చేసేవారు మరొక చోట, సొంతంగా చేసుకోగలవారు ఇంకొక చోట కూర్చుంటారు. మూడు రోజులు రాని బిడ్డ నాలుగో రోజు వచ్చినా తాను ఆగిన మెట్టు అక్కడే ఉంటుంది, తరగతి తనను విడిచి వెళ్లిపోయిందన్న భావన రాదు. చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతినే తీసుకుని మార్చుకున్నాయి, తర్వాత అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది.

అయితే నా అనుభవంలోని లోపాన్ని కూడా చెప్పడం ధర్మం. నేను ఒక వేసవి సెలవు మొత్తం కూర్చుని కార్డులు రాశాను. ఆగస్టు వచ్చేసరికి మా పిల్లలు కార్డు పూర్తి చేయడమే చదువనుకున్నారు. ఒక పాప ఒక్క పూటలో ఆరు కార్డులు దాటి నా దగ్గరకు సంతోషంగా వచ్చింది, మొదటి కార్డులోని ప్రశ్నను నోటితో అడిగితే చెప్పలేకపోయింది. అందుచేత అన్నిటికీ కార్డులు రాయవద్దు. తీసివేతలకు, ఒత్తులకు మాత్రమే మొత్తం మీద నలభై రాసుకోండి. ప్రతి అయిదు కార్డులకు ఒకసారి బిడ్డ మీ దగ్గరకు వచ్చి చేతితో చేసి చూపించే మెట్టు ఒకటి పెట్టండి. కట్ట విప్పడం వంటివి ఏ కార్డూ చేయించలేదు.

మూడో సమాధానం
(ఒక విద్యార్థిని తల్లి)

నమస్కారం మేడం గారూ. నేను టీచరును కాను, పదో తరగతి వరకు చదువుకున్నాను. మీ జిల్లాలోనే సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి వేసే ఊరిలో ఉంటాను. మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. ఆ పాప బొటనవేలి గోరు ఎందుకు తీయనివ్వలేదో నాకు తెలుసు.

ఇది క్రాసింగ్ చేసే కాలం, అంటే మగ చెట్ల పుప్పొడిని ఆడ చెట్ల పూలకు చేత్తో రాసే కాలం. ఆడ సాళ్లలో మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజు సాయంత్రం వెతికి, బొటనవేలి గోటితో గిల్లి, పైరేకలతో పాటు లోపలి పుప్పొడి తిత్తులను ఒలిచివేస్తాం. నడుమనున్న కీలానికి దెబ్బ తగలకూడదు, అందుకే గోరు కావాలి. మరునాడు పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకువచ్చి ఆ కీలం కొనకు పుప్పొడి రాయాలి. ఎండ ముదిరితే కాయ నిలవదు. ఆదివారం బడి లేదు కనుక పిల్లలూ చేనుకు వస్తారు, చేతులు ఎక్కువ ఉంటాయి కనుక సాయంత్రం గిల్లిన మొగ్గలూ ఎక్కువ ఉంటాయి. వాటన్నిటికీ సోమవారం పొద్దున పూలు రాయాలంటే మళ్లీ అన్ని చేతులూ కావాలి. రాయకపోతే ఆదివారం పనంతా నేలపాలవుతుంది. సోమవారం మీ గది ఖాళీగా ఉండడానికి కారణం ఇదే.

మేము పిల్లల చదువు వద్దనుకునే మనుషులం కాము మేడం. పెట్టుబడికి తెచ్చిన డబ్బు ఉంటుంది, విత్తనం పరీక్షలో నిలవకపోతే ఆ నష్టం మా మీదే పడుతుంది, కూలి మనుషులు ఆ రెండు నెలలు దొరకరు. మీరు ఫోను చేసి "పంపించండి" అన్నప్పుడు మాకు తల వంచుకోవడం తప్ప జవాబు ఉండదు. దానికంటే శనివారం సాయంత్రం "సోమవారం మీ పాప ఈ పని నేర్చుకుంటుంది" అని ఒక్క మాట చెప్పి పంపించండి. మా అమ్మాయి టీచరు ఒకసారి వచ్చే సోమవారం గడియారం చూడడం నేర్పుతానని, ఇంట్లోని పాత గడియారం తెమ్మని చెప్పారు. ఆ ఆదివారం మా పిల్ల సాయంత్రం చేనులో ఒక్క మొగ్గ కూడా గిల్లలేదు, గడియారం పట్టుకుని ఇంట్లోనే కూర్చుంది. నేను కూడా రమ్మనలేకపోయాను.

నాలుగో సమాధానం
(ఉపాధ్యాయురాలు, భద్రాచలం ప్రాంతం)

మా పిల్లలు కోయ మాట్లాడే ఇళ్ల నుంచి వస్తారు. మా దగ్గర సోమవారం హాజరు బాగానే ఉంటుంది, కానీ గది మౌనంగా ఉంటుంది. ఆదివారమంతా ఇంటి భాషలో గడిపి వచ్చిన బిడ్డ పుస్తకాల్లో ఉండే తెలుగులోకి రావడానికి కొంత సమయం పడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్య వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అందుచేత నేను సోమవారం మొదటి పీరియడులో నిన్న ఏం చేశారో వాళ్ల మాటల్లోనే చెప్పించి, అందులోంచి ఆ వారం చదవవలసిన పదాలను తీసుకుంటాను.

పై సోదరి రాసినది చదివాక మీకు ఒక సూచన చేయాలనిపించింది. మీ పిల్లల నోట వచ్చే మాటలు చూడండి: మొగ్గ, పుప్పొడి, పత్తి. మూడింటిలోనూ ద్విత్వాలున్నాయి. "క్రాసింగ్" అనే మాటలో మీరు వెతుకుతున్న క్రావడి ఉంది. "చందుడు" అని రాసే బిడ్డకు చంద్రుడి కంటే రోజూ నోట నలిగే ఆ మాట దగ్గర క్రావడి తొందరగా పట్టుబడవచ్చు. ఆ పనిని మెచ్చుకోవడానికి కాదు, ఆ బిడ్డకు తెలిసిన మాట నుంచి మొదలుపెట్టడానికి.

మళ్లీ మొదటి సమాధానకర్త

ఆ తల్లి రాసినది చదివి, నా మొదటి జవాబులో సగమే చెప్పానని గ్రహించాను. మంగళవారం పది నిమిషాలు నష్టాన్ని పూడుస్తాయి, నష్టం రాకుండా ఆపవు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ తర్వాత చట్టం పూర్తిగా నిషేధించింది. సొంత కుటుంబానికి సాయపడడానికి మాత్రం బడి వేళల తర్వాత, సెలవు రోజుల్లో వీలు కల్పించింది. అంటే సొంత చేనే అయినా ఆదివారం ఒక సంగతి, సోమవారం మరొక సంగతి. ఎవరి పిల్లలు సొంత చేనుకు వెళ్తున్నారో, ఎవరు కూలికి వెళ్తున్నారో మీరు విడిగా తెలుసుకోవాలి. కూలికి వెళ్తున్న బిడ్డ విషయాన్ని మీరొక్కరే మోయవద్దు, ప్రధానోపాధ్యాయురాలి ద్వారా మండల విద్యాధికారి (ఎంఈఓ) దృష్టికి తీసుకువెళ్లండి. సొంత చేనుల విషయం బడి కమిటీలో తల్లులతో కూర్చుని మాట్లాడదగినది. చట్టం పేరుతో మొదలుపెట్టకండి. మీరు గీసిన ఆరు గడుల కాగితాన్ని బల్ల మీద పరిచి, దానితో మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగిన టీచరు (మూడు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. హాజరు కాగితం వేశాను. జూన్‌లో ఆరు గడులూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. జులై చివరి వారం నుంచి సోమవారం గడి నిండిపోయింది, శనివారం గడి దాదాపు ఖాళీగా ఉంది. ఎనిమిది పేర్లే మళ్లీ మళ్లీ వచ్చాయి. ఏడుగురు సొంత చేనులకు వెళ్తున్నారు, ఒక్క బాబు కూలికి వెళ్తున్నాడు. ఆ బాబు ఇంటికి ప్రధానోపాధ్యాయురాలు స్వయంగా వెళ్లారు, సంగతిని పై అధికారులకు కూడా తెలియజేశారు. అతడు ఇప్పుడు బడికి వస్తున్నాడు. ఇంకా అలవాటు పడలేదు, గంట కొట్టకముందే సంచి సర్దుకుంటాడు.

తల్లుల సమావేశంలో ఆ కాగితాన్నే పరిచాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక నాయనమ్మ, "శనివారం సాయంత్రం మొగ్గలు గిల్లితే ఆదివారం పొద్దున పూలు రాయవచ్చు, ఆదివారం సాయంత్రం పిల్లలను చేనుకు పోనీయకుంటే సోమవారం వాళ్లతో పనే లేదు కదా" అన్నది. ఇంత తేలిక మార్గం నాకు తట్టలేదు, తట్టడానికి నాకు ఆ పని తెలియదు కూడా. ఆరు కుటుంబాల్లో నలుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు చూస్తామన్నారు. ఏడో కుటుంబం ఆ రోజు రాలేదు. నిన్నటి సోమవారం రానివాళ్లు ముగ్గురు.

బొటనవేలి గోరు అలాగే ఉంచుకున్న పాప ఆ ముగ్గురిలో ఒకతి. ఈ ఉదయం వచ్చింది. "ఇప్పుడు పన్నెండు అయినయి" అన్న బాబే ఆమె ముందు పుల్లల డబ్బా పెట్టి, కట్ట తాను విప్పకుండా ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె ఆ గోటితోనే రబ్బరు బ్యాండును లాగి తీసింది. 52లోంచి 27 తీసి, మిగిలిన పుల్లలను రెండుసార్లు లెక్కపెట్టుకుని, పలక మీద 25 అని రాసింది. గోరు తీయమని నేను ఇంకా అడగలేదు, కాలం ముగిశాక ఆమే తీసుకుంటానన్నది. క్రావడి కోసం "క్రాసింగ్" అని నల్లబల్ల మీద రాసినప్పుడు గది అంతా ఒకేసారి చదివింది, మధ్యాహ్నం డిక్టేషనులో "చంద్రుడు" అయిదుగురికి సరిగ్గా వచ్చింది, ఇద్దరికి రాలేదు.

మదనపల్లె సారుకు ఒక మాట. మీరు చెప్పిన నలభై కార్డుల్లో పన్నెండు రాశాను, మిగిలినవి దసరా సెలవుల్లో రాయాలనుకుంటున్నాను. అయిదు కార్డులకు ఒకసారి నా దగ్గరకు రావాలన్న మెట్టు మూడో తరగతి పిల్లలకు దూరమవుతున్నట్లు అనిపిస్తున్నది. వాళ్లకు మూడు కార్డులకే పెట్టవచ్చా? అలా పెడితే నా ముందు వరుస పెరిగిపోతుందేమోనని సందేహం. మీరు మీ గదిలో ఆ వరుసను ఎలా తగ్గించారో వీలైనప్పుడు రాయగలరు.